ఎయిర్‌సాఫ్ట్‌కి మోకాలి ప్యాడ్లు: పట్టీలవా, ప్యాంటులో దూర్చేవా, తొడుగులా?

ఎయిర్‌సాఫ్ట్ అంటే బొమ్మ తుపాకులతో, బీబీలనే చిన్న ప్లాస్టిక్ గుండ్లతో ఒకరినొకరు కాల్చుకునే ఆట. ఇందులో మోకాలి ప్యాడ్ అవసరమయ్యేది బీబీ దెబ్బ కన్నా నేల దెబ్బకే. లెక్క చూడండి. 0.20 గ్రాముల బీబీ 400 ఎఫ్‌పీఎస్‌తో, అంటే సెకనుకి 400 అడుగుల వేగంతో వచ్చి తగిలినా దానిలో ఉండే శక్తి ఒకటిన్నర జౌల్ లోపే. చురుక్కుమంటుంది, ఎర్రగా మచ్చ పడుతుంది, అంతటితో సరి. అదే మీరు పరుగెత్తుకుంటూ వచ్చి అడ్డుగోడ వెనక ఒంటి మోకాలి మీద వాలారనుకోండి. ఒంటి బరువులో 20 కిలోలు మాత్రమే అరమీటరు ఎత్తు నుంచి ఆ మోకాలి మీద పడ్డాయనుకున్నా దాదాపు 100 జౌళ్ళు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆడితే అలాంటివి ఎన్ని పడతాయో లెక్కే ఉండదు.

కాబట్టి కొనేముందు తేల్చుకోవాల్సినవి రెండు. మీరు ఆడే నేల ఎలాంటిది? ఆ నేల మీద మీ మోకాలు ఎలా ఆనుతుంది? దబ్బున పడి వెంటనే లేచి పరుగెత్తేవాళ్ళకి ఒక రకం సరిపోతుంది. ఒకే మూల దగ్గర పది నిమిషాలు మోకాలు ఆనించి కాపు కాసేవాళ్ళకి ఇంకో రకం కావాలి. బ్రాండు, రంగు, గన్‌కి మ్యాచింగా కాదా అన్నవి తర్వాత చూసుకోవచ్చు.

నేను రాసేది అమెరికాలో, అందులోనూ టెక్సస్ వైపు ఆడేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని. మన కుర్రాళ్ళు, హైస్కూల్లో చదివే మన పిల్లలు కూడా వారాంతాల్లో ఈ ఫీల్డులకి వస్తుంటారు. నేల విషయంలో టెక్సస్‌లో లేనిది లేదు. ఊరి బయట ఫీల్డుల్లో సున్నపురాయి ముక్కలు, ఎండకి బిగుసుకుపోయిన మట్టి, గడ్డిలో కనపడకుండా నాగజెముడు. అక్కడివాళ్ళు గోట్‌హెడ్ అని తిట్టుకునేది మన పొలంగట్ల మీది పల్లేరు కాయే, మొక్క కూడా అదే. సైకిల్ టైరులో దిగే ముల్లుకి పలచటి ఫోమ్ ఒక లెక్క కాదు. ఇక గోడౌన్లలో నడిపే ఇండోర్ సీక్యూబీ (ఇరుకు గదుల్లో దగ్గర నుంచి కాల్చుకునే ఆట) అరీనాల్లో అయితే కింద పచ్చి కాంక్రీట్, దాని మీద ఎక్కడ చూసినా దొర్లుతున్న బీబీలు. 6 మిల్లీమీటర్ల గట్టి ప్లాస్టిక్ గుండు మీద మోకాలు సరిగ్గా పెట్టి చూడండి, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

మోకాల్లో ఎక్కడ కాపాడాలి

బళ్ళో మాష్టారు మోకాళ్ళ మీద నిలబెడితే నొప్పి ఎక్కడ పుట్టేదో గుర్తు తెచ్చుకోండి. చిప్ప మధ్యలో కన్నా, దాని కింద రెండు మూడు వేళ్ళ దూరంలో చేతికి తగిలే ఎముక బొడిపె మీద, ఆ రెంటినీ కలిపే నరంలాంటి గట్టి స్నాయువు మీద. నిటారుగా మోకాలు ఆనించి ఉన్నప్పుడు బరువు అక్కడే పడుతుంది. పరుగులో బోర్లా పడ్డప్పుడు మాత్రం చిప్ప ముందు భాగమే నేలకి కొట్టుకుంటుంది. అంటే ప్యాడ్ చిప్పని కప్పితే సగం పనే అయింది, ఆ బొడిపె కిందిదాకా రావాలి. దుకాణాల్లో దొరికే చాలా చవక ప్యాడ్లు ఇక్కడే పొట్టివి. నిలబడి పెట్టుకున్నప్పుడు చక్కగా కనిపిస్తాయి, మోకాలు మడవగానే కింది అంచు బొడిపె పైనే ఆగిపోతుంది.

చిప్పకీ చర్మానికీ మధ్య బర్సా అని ఒక పలచటి సంచి ఉంటుంది. మాటిమాటికీ రాసుకుంటూ నొక్కుకుంటూ ఉంటే అది ఉబ్బుతుంది. టైల్స్ పరిచేవాళ్ళకి, నేల తుడిచే పని చేసేవాళ్ళకి ఎక్కువగా వచ్చేది ఇదే. మోకాలి ముందు మెత్తటి వాపు కనిపిస్తే కొన్నాళ్ళు ఆట ఆపాలి. వాపుతో పాటు ఎరుపు, వేడి, జ్వరం ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. ఇంకో సంగతి, ప్యాడ్ వేరు, బ్రేస్ వేరు. లిగమెంట్ దెబ్బతిన్న మోకాలు పక్కకి తొణక్కుండా ప్యాడ్ ఏమీ పట్టుకోదు.

పట్టీలతో కట్టుకునేవి

ప్యాంటు మీద కట్టుకునే ఈ రకమే ఎక్కువమందికి మొదటి ప్యాడ్. బయట ఒక డొప్ప, లోపల ఫోమ్, వెనక రెండు పట్టీలు. జీన్స్ మీద కట్టుకోవచ్చు, పాత కార్గో ప్యాంటు మీద కట్టుకోవచ్చు, భోజనం వేళ విప్పి పక్కన పడేయొచ్చు, ఫ్రెండ్ వస్తే అతనికి ఇవ్వొచ్చు. 20 నుంచి 40 డాలర్ల లోపు మంచివే దొరుకుతాయి.

డొప్పలో రెండు జాతులు. ఒకటి గట్టి ప్లాస్టిక్‌ది. రాళ్ళ మీద, ముళ్ళ మీద దీనికి సాటి లేదు. కాంక్రీట్ మీద మాత్రం జారుతుంది, ప్లైవుడ్ గోడకి తగిలితే టక్కుమని మోగుతుంది. అవతలివాడికి మీరెక్కడున్నారో చెప్పేస్తుంది. పైగా డొప్ప గుండ్రంగా ఉంటే మోకాలు ఆనించినప్పుడు అటూ ఇటూ ఊగుతుంది. తుపాకి గురి పెట్టి కూర్చునేవాడికి ఆ ఊగడం చిరాకు. రెండోది రబ్బరులా వంగే డొప్ప. అల్టా కంపెనీ ఆల్టాఫ్లెక్స్ ఈ జాతిదే. నేలని పట్టుకుంటుంది, చప్పుడు తక్కువ, మోకాలితో పాటు వంగుతుంది. పదునైన రాయి కొస మీద పడితే ప్లాస్టిక్ అంత కాపాడదు, కానీ అలాంటి రాళ్ళు నిండిన ఫీల్డు మీది కాకపోతే రెండోదే తీసుకోండి. నా ఓటు దానికే.

ఇక అసలు గొడవ, జారిపోవడం. పట్టీల ప్యాడ్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇదే. నాలుగు పరుగులు తీసేసరికి ప్యాడ్ మోకాలి కిందికి దిగి పిక్క ముందు వేలాడుతుంటుంది. జనం ఏం చేస్తారంటే పై పట్టీని ఇంకా బిగిస్తారు. దానివల్ల లాభం లేదు. తొడ మోకాలి వైపుకి వచ్చేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి పై పట్టీని ఎంత బిగించినా సన్నటి వైపుకే జారుతుంది. మోకాలి కింద సంగతి వేరు. అక్కడి నుంచి పిక్క ఉబ్బుతుంది. కింది పట్టీని ఆ ఉబ్బుకి పైన, మోకాలి మడతకి కాస్త కిందగా కడితే పిక్కే దాన్ని ఆపుతుంది. ప్యాడ్ నిలబడేది కింది పట్టీ వల్ల. పైది ప్యాడ్ ముందుకి వాలిపోకుండా తోడు మాత్రమే, రెండు వేళ్ళు దూరేంత వదులుగా ఉన్నా చాలు.

అయితే కింది పట్టీని కసిగా బిగించొద్దు. మోకాలికి బయటివైపు, కొంచెం కిందగా, తడిమితే ఒక చిన్న ఎముక గుబ్బ తగులుతుంది. పాదాన్ని పైకి ఎత్తే నరం ఆ గుబ్బ పక్క నుంచే, చర్మానికి బాగా దగ్గరగా పోతుంది. దాని మీద సన్నటి పట్టీ గట్టిగా పడితే పాదం పైభాగం తిమ్మిరెక్కుతుంది. తిమ్మిరి మొదలైతే అక్కడికక్కడే వదులు చేయాలి. ఆ రౌండ్ అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు. అందుకే కొనేటప్పుడే వెడల్పు పట్టీలున్నవి, పట్టీలో సాగే ఎలాస్టిక్ ఉన్నవి చూసుకోండి.

పట్టీ చివర వెల్‌క్రోనా, బకిలా? అల్టాలోనే ఆల్టాగ్రిప్ అంటే వెల్‌క్రో, ఆల్టాలోక్ అంటే క్లిప్. ఇండోర్‌కి వెల్‌క్రో హాయి, ఎంత కావాలంటే అంత సర్దుకోవచ్చు. గడ్డి ఫీల్డులో నాలుగైదు ఆటలయ్యేసరికి వెల్‌క్రో నిండా గడ్డి గింజలు, దారాలు ఇరుక్కుని పట్టు పోతుంది. పాత టూత్‌బ్రష్‌తో గీకితే కొంత తిరిగొస్తుంది. బయట ఎక్కువ ఆడేవాళ్ళకి క్లిప్ మేలు.

ప్యాంటులో దూర్చేవి

ప్యాడ్ జారడం అనే తలనొప్పి బాగా తగ్గేది ఈ పద్ధతిలో. సైనికుల తరహా కంబాట్ ప్యాంటు మోకాలి దగ్గర ఒక జేబు గానీ చీలిక గానీ ఉంటుంది, ప్యాడ్‌ని అందులో దూర్చేస్తారు. మల్టీకామ్ అనే సైనిక దుస్తుల రంగుల నమూనా తయారుచేసిన క్రై ప్రెసిషన్ వాళ్ళ జీ3 కంబాట్ ప్యాంటు, దానిలోకి విడిగా కొనుక్కునే ఎయిర్‌ఫ్లెక్స్ ప్యాడ్లు ఈ జాతికి పెద్దన్నయ్య. ప్యాడ్ ముందు భాగం చీలికలోంచి బయటికి వస్తుంది కాబట్టి నేలకి తగిలేది బట్ట కాదు, ప్యాడే. ప్యాంటు త్వరగా చిరగదు, మోకాలు జారదు. యూఎఫ్ ప్రో స్ట్రైకర్ లాంటి వాటిలో ప్యాడ్ బట్ట వెనక జేబులో ఉంటుంది. అక్కడ అరుగుదల అంతా మోకాలి బట్టే భరించాలి, అందుకే ఆ చోట గట్టి బట్ట వేస్తారు.

సుఖం మాటకొస్తే ఇదే నంబర్ వన్. మోకాలి వెనక కోసుకుపోయే పట్టీ ఉండదు, ప్యాంటు వేసుకుంటే ప్యాడ్ వేసుకున్నట్టే. అసలు సమస్య డబ్బు. ప్యాంటు, ప్యాడ్లు కలిపి 300 డాలర్ల మాట. అదే నమూనాలో చైనా కాపీలు చాలా తక్కువకి, ప్యాడ్లతో సహా వస్తాయి. కుట్టు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. వాటితో వచ్చే ప్యాడ్లు గట్టి ఫోమ్ ముక్కల్లా ఉంటాయి, చాలామంది తర్వాత అవి తీసేసి వేరేవి పెట్టుకుంటారు. అన్ని ప్యాడ్లూ అన్ని ప్యాంట్లలో పట్టవు, కొనేముందు ఆకారం సరిపోతుందో లేదో చూసుకోవాలి.

కొలత దగ్గర మనవాళ్ళు జాగ్రత్తగా ఉండాల్సిన విషయం ఒకటుంది. ఈ ప్యాంట్లు షార్ట్, రెగ్యులర్, లాంగ్ అని కాలి పొడవులో కూడా వస్తాయి. ఐదడుగుల ఐదారంగుళాల మనిషి నడుము కొలత ఒక్కటే చూసి రెగ్యులర్ తీసుకుంటే అంచు మడిచి కుట్టించుకోవచ్చు, కానీ మోకాలి జేబుని పైకి జరిపించలేరు కదా. ప్యాడ్ ఎప్పుడూ మోకాలి కింది ఎముక మీదే ఉంటుంది. నిలబడ్డప్పుడు ప్యాడ్ మధ్యభాగం చిప్పకి కొంచెం కిందగా ఉంటే సరైన కొలత. మోకాలు మడిస్తే బట్ట పైకి లాగుతుంది, ప్యాడ్ తన చోటుకి వస్తుంది. నిలబడ్డప్పుడే సరిగ్గా చిప్ప మీద ఉందంటే మోకాలు ఆనించాక అది తొడ వైపుకి పోతుంది.

బెల్టు కూడా ముఖ్యమే. బీబీలు నింపే మ్యాగజీన్లు, రేడియో, నీళ్ళ సీసా బరువుకి ప్యాంటు నడుము రెండంగుళాలు దిగిందంటే ప్యాడ్ కూడా రెండంగుళాలు దిగినట్టే. మోకాలి వెనక లోపల బిగించుకునే చిన్న పట్టీ ఉన్న ప్యాంటు అయితే ఈ బాధ తగ్గుతుంది.

తొడుగులు

మేజోడులా కాలికి ఎక్కించుకునే రకం. మిజునో, ఏసిక్స్ వాలీబాల్ ప్యాడ్లు, కొండ సైకిళ్ళవాళ్ళు వాడే జీ-ఫార్మ్ లాంటివి. ప్యాంటు లోపల వేసుకుంటే బయటికి కనపడవు, పరుగుకి అడ్డం రావు, జారడం కూడా తక్కువ. ఇండోర్‌లో గబగబా తిరిగేవాళ్ళకి ఇవి బాగుంటాయి. ముళ్ళ ఫీల్డుకి పనికిరావు.

వీటిలో ఒక మెలిక ఉంది. కొన్ని తొడుగుల్లో వేసే డీ3ఓ తరహా పదార్థాలు చేత్తో నొక్కితే పిండిముద్దలా మెత్తగా ఉంటాయి, దెబ్బ వేగంగా తగిలితే ఆ క్షణానికి గట్టిపడతాయి. పడిపోయినప్పుడు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. కానీ మోకాలు మెల్లగా ఆనించి అలాగే ఉండిపోతే అది వేగమైన దెబ్బ కాదు కదా, పదార్థం మెత్తగానే ఉండి నెమ్మదిగా అణిగిపోతుంది. పలచటి ప్యాడ్ అయితే కింది రాయి తెలిసిపోతుంది. కాబట్టి పరుగెత్తి పడే ఆటకి ఇవి, కాపు కాసే ఆటకి మందపాటి ఫోమ్ ఉన్నవి. చలికి ఈ పదార్థం బిరుసెక్కుతుంది కూడా. డిసెంబర్ ఉదయం కారు డిక్కీలోంచి తీసి నేరుగా వేసుకుంటే కాసేపు అట్టలా అనిపిస్తుంది.

మధ్యాహ్నం విప్పుదామంటే బూట్లు, ప్యాంటు విప్పాల్సి రావడం వీటితో ఉన్న పెద్ద ఇబ్బంది. టెక్సస్ ఎండాకాలంలో నియోప్రీన్ తొడుగు సాయంత్రందాకా ఉంచుకుంటే మోకాలి మడతలో పొక్కడం ఖాయం.

ఇంట్లో ఉన్నవి సరిపోతాయా

స్కేట్‌బోర్డ్ ప్యాడ్లు దెబ్బకి గట్టివే, కానీ వాటి డొప్పని తయారుచేసిందే జారడానికి. మోకాళ్ళ మీద ర్యాంపు దిగేవాడికి అది కావాలి, మూల దగ్గర కదలకుండా కూర్చోవాల్సినవాడికి వద్దు. హార్డ్‌వేర్ స్టోర్లో టైల్స్ పనివాళ్ళకి అమ్మే జెల్ ప్యాడ్లు గంటలకొద్దీ మోకాళ్ళ మీద ఉండటానికి హాయిగా ఉంటాయి, పరుగెత్తితే మాత్రం మోకాలికి ఇటుక కట్టుకున్నట్టే. ఆట నచ్చుతుందో లేదో తెలియని మొదటి ఒకటి రెండు సార్లకి ఇంట్లో ఏది ఉంటే అది వాడేయండి. హైదరాబాద్ శివార్లలో సరదాగా పెయింట్‌బాల్ ఆడటానికి వెళ్ళేవాళ్ళకి కూడా వాలీబాల్ ప్యాడ్ చాలు.

ప్యాకెట్ మీద ఏం చూడాలి

టాక్టికల్, మిలిటరీ గ్రేడ్ లాంటి మాటలకి అర్థం ఏమీ లేదు, ఎవరైనా రాసుకోవచ్చు. అర్థమున్న గుర్తు ఈఎన్ 14404. మోకాళ్ళ మీద పనిచేసేవాళ్ళ కోసం యూరప్‌లో పెట్టిన ప్రమాణం ఇది. టైప్ 1 అంటే విడిగా కట్టుకునేది, టైప్ 2 అంటే ప్యాంటులో దూర్చేది. దాని పక్కన లెవెల్ ఉంటుంది. లెవెల్ 0 అంటే గుచ్చుకునే వాటికి రక్షణ లేదు, చదునైన నేలకి మాత్రమే. లెవెల్ 1 కనీసం 100 న్యూటన్ల గుచ్చుడు తట్టుకోవాలి, లెవెల్ 2 అయితే 250. బయట రాళ్ళలో ఆడేవాళ్ళు లెవెల్ 1కి తగ్గొద్దు. ఈ గుర్తు అన్ని ప్యాడ్ల మీదా ఉండదు. లేకపోతే బొటనవేలితో మధ్యలో గట్టిగా నొక్కి చూడండి. వేలు అవతలి వైపుకి తెలిసిందంటే రాయి కూడా తెలుస్తుంది.

నన్నడిగితే

వారానికోసారి ఇండోర్ ఆడే కుర్రాడు మంచి తొడుగు కొనుక్కుంటే చాలు. ఇండోర్, అవుట్‌డోర్ రెండూ ఆడుతూ ఇంకా దేనిమీదా మనసు కుదరనివాళ్ళకి రబ్బరు డొప్ప ఉన్న పట్టీల ప్యాడ్. పొరపాటున వేరే కొన్నా పోయేది పెద్దగా ఉండదు. నెలకి రెండు మూడు సార్లు బయట ఆడేవాళ్ళు, రాత్రంతా జరిగే మిల్‌సిమ్‌లకి (నిజం సైనిక చర్యలా నడిపే ఆటలకి) వెళ్ళేవాళ్ళు ఆలస్యం చేయకుండా కంబాట్ ప్యాంటుకి మారిపోవాలి. కాపీ అయినా సరే, కాలి పొడవు సరిపోయినది. నలభై దాటి, ఇప్పటికే మెట్లెక్కుతుంటే మోకాలు కలుక్కుమంటున్నవాళ్ళకి మందపాటి ఫోమ్ ఉన్న ప్యాడ్ తప్పనిసరి. ఆట పద్ధతి కూడా కొంచెం మార్చుకుని, దబ్బున పడకుండా చెయ్యి ఆనించి దిగడం అలవాటు చేసుకుంటే మంచిది.

పిల్లల విషయంలో ఒక మాట. పన్నెండు పదమూడేళ్ళ పిల్లవాడి సన్నటి కాలికి పెద్దవాళ్ళ ప్యాడ్ కడితే ఎంత బిగించినా తిరిగిపోతుంది. వచ్చే ఏడాదికి సరిపోతుందిలే అని పెద్ద సైజు కొనొద్దు, యూత్ సైజు తొడుగే తీసుకోండి. చిప్పకి నాలుగంగుళాల పైన టేపుతో చుట్టుకొలత తీసి, కంపెనీ ఇచ్చిన పట్టికతో సరిచూడండి. బడ్జెట్ తక్కువైతే ముందు కళ్ళకి పూర్తిగా మూసుకునే గాగుల్స్, ముఖానికి మాస్క్. మోకాళ్ళు ఆ తర్వాతే.

ఏది కొన్నా ట్యాగులు తెంచకముందే ఇంట్లో పరీక్షించండి. ఆడేటప్పుడు వేసుకునే ప్యాంటుతోనే. మెట్లు పది సార్లు పరుగున ఎక్కి దిగండి, ఇరవై గుంజీళ్ళు తీయండి, ఒంటి మోకాలు ఆనించి ఐదు నిమిషాలు ఫోన్ చూస్తూ కూర్చోండి, తర్వాత డ్రైవింగ్ సీట్లో కూర్చోండి. ప్యాడ్ వేలెడు కన్నా ఎక్కువ జరిగినా, పాదం తిమ్మిరెక్కినా, వెనక పట్టీ చర్మాన్ని గిల్లినా తిరిగి పంపేయండి. కార్పెట్ మీద చేస్తే మురికి అంటదు, వాపసు తీసుకోవడానికి వాళ్ళూ పేచీ పెట్టరు.

వాడాక ఉతికేటప్పుడు ప్యాంటులోంచి ప్యాడ్లు తీసేయండి. పట్టీలవైనా తొడుగులైనా డ్రయర్‌లో వేయొద్దు, ఆ వేడికి ఎలాస్టిక్ చచ్చిపోతుంది. వెల్‌క్రో మూసి, చల్లటి నీళ్ళలో సబ్బుతో చేత్తో ఉతికి నీడలో ఆరేయాలి. ఫోమ్ ఒకసారి నొక్కితే తిరిగి లేవడం మానేసిందంటే, డొప్ప ఎంత కొత్తగా కనిపిస్తున్నా కొత్త జత కొనాల్సిన టైమ్ అయింది.